కిరణ్‌కి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి ఆశీస్సులు.

గ్రీన్ కార్డు వచ్చిందన్న సంతోషం తీరకముందే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో గన్ షాపు పెడతానంటున్నావట. మీ నాన్న ఫోన్‌లో ఒకటే గోల, అంతా నా వల్లేనట. వాణ్ని సముదాయించాను గానీ, మన ఇంట్లో ఉద్యోగం వద్దు వ్యాపారం అన్నవాడివి నువ్వొక్కడివే అని లోలోపల గర్వంగానే ఉంది.

తుపాకులమ్మే లైసెన్సు ఇచ్చే ఫెడరల్ శాఖ ఏటీఎఫ్. ఆ లైసెన్సుకు 200 డాలర్లు, మూడేళ్లకు. ఆ చోట గన్ షాపు పెట్టనిస్తారో లేదో, ఆ జోనింగ్ సంగతి లీజు మీద సంతకం పెట్టకముందే కనుక్కో. కెమెరాలు, ఇన్సూరెన్సు నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు పంపిన లెక్క చూశాను. సగం పెట్టుబడి మాడ్యులర్ పిస్టళ్ల మీదేనా, అదే, భాగాలు విప్పి మార్చుకునే వాటి మీద? వాటి మోజు నాకూ తెలుసు. సిగ్ కంపెనీ పిస్టల్ పీ320 విప్పితే లోపల ట్రిగ్గర్ ఉన్న చిన్న ఉక్కు చట్రం వస్తుంది చూడు, చట్టం లెక్కలో తుపాకీ అంటే అదొక్కటే. సీరియల్ నంబరు దాని మీదే. పిడి, పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్, గొట్టం (బ్యారెల్) అన్నీ ఉత్త విడిభాగాలు. చెయ్యి చిన్నదైతే చిన్న పిడి, రేంజిలో కాల్చడానికి పొడుగు స్లైడ్. 2017లో అమెరికా సైన్యం గ్లాక్‌ను కాదని దీన్నే ఎం17గా తీసుకున్నాక గిరాకీ ఇంకా పెరిగింది. కంపెనీకీ హాయే, ఒకే చట్రం చేసి పది రకాలుగా అమ్ముకుంటుంది.

మరి నీకేం మిగులుతుంది? కొనేవాడి చేత ఫెడరల్ కాగితం, ఫారం 4473, నింపించి నువ్వు అమ్మాల్సింది ఆ చట్రం ఒక్కటే. ఆపైన పిడులూ స్లైడ్లూ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే టెక్సస్‌లో నేరుగా ఇంటికే వస్తాయి. కొత్త పిస్టల్ మీద లాభం ఎటూ తక్కువ. డబ్బులొచ్చేది సామాన్ల మీద. ఆ సామాన్లకే నీ గడప తొక్కాల్సిన పని లేదు!

నేను పనిచేసిన షాపు ఓనరు ఇక్కడే మునిగాడు. పీ320కి ముందు పీ250 ఉండేది. ఒక తుపాకీ కొన్నవాడు 9ఎంఎం, పాయింట్ ఫార్టీ, 357 సిగ్, పాయింట్ ఫార్టీ ఫైవ్ అంటూ ఒక్కో రకం తూటాకి తుపాకీని మార్చే విడిభాగాల కిట్ కోసం మళ్లీ వస్తాడని ఆయన లెక్క. గోడ నిండా కిట్లు దింపాడు. వచ్చినవాళ్లు విప్పి, బిగించి, భలే ఉందనేవాళ్లు. ట్రిగ్గర్ నొక్కి చూసి మొహం చిట్లించేవాళ్లు, అంత పొడుగు లాగుడు దానిది. కొన్న కొద్దిమందీ కిట్ ధర అడిగి, "ఇంకొంచెం వేసుకుంటే రెండో తుపాకీయే వస్తుంది కదా" అనేవాళ్లు. వాళ్ల లెక్కే కరెక్టు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ మళ్లీ 9ఎంఎంకి మారింది, పాయింట్ ఫార్టీ అడిగేవాడే కరువయ్యాడు. తగ్గించిన ధర స్టిక్కరు పాతదాని మీద అంటించేది నేనే. కొన్ని పెట్టెల మీద ఆ స్టిక్కర్లు గోరుకు తగిలేంత మందంగా పేరుకుపోయాయి. చివరికి గన్ షోలో కొన్న ధరకంటే తక్కువకు వదిలించుకున్నాడు.

కాబట్టి పిడులు నాలుగైదు రకాలు చాలు, పట్టుకుని చూడ్డానికి. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ అయినా లైసెన్సున్న షాపుకొచ్చే తీసుకోవాలి కదా, దాన్ని అప్పగించినందుకు నువ్వు తీసుకునే ట్రాన్స్‌ఫర్ ఫీజు చూసుకో. తుపాకీలు బాగుచేసే మంచి గన్‌స్మిత్‌ని పెట్టుకో. 2017లో పీ320 కింద పడితే పేలుతోందని గొడవై, డాలస్ పోలీసులే పక్కన పెట్టారు. కంపెనీ ఉచితంగానే మార్చి ఇచ్చింది, కానీ జనం టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చింది కొన్న షాపుకే.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. నీ చుట్టూ ఉన్నది హెచ్1బీ వాళ్లు. వేటాడే లైసెన్సులాంటి మినహాయింపు ఏదో ఉంటే తప్ప వాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. "నీ పేరు మీద తీసివ్వరా" అని ఎవడో ఒకడు అడుగుతాడు, చిన్నప్పటి స్నేహితుడే కావచ్చు. బుర్ర లేనివాడిలా మొహమాటపడ్డావో, 15 ఏళ్ల దాకా జైలు, గ్రీన్ కార్డూ పోతుంది. నీది చిన్నప్పటి నుంచీ మెత్తటి మనసు, అడిగితే కాదనలేవు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లీజు కాగితాలు నాకు పంపు. శనివారం వచ్చి షాపు చూస్తాను. మీ అమ్మకు మాత్రం ఈ ఉత్తరం చూపించకు.

మీ పెదనాన్న