హరిణ వనస్థలికి వెళ్లే ముందు

ఒరేయ్ చిన్నా,

ఆదివారం పిల్లల్ని మహావీర్ హరిణ వనస్థలికి తీసుకెళ్తున్నావని కోడలుపిల్ల ఫోన్‌లో చెప్పింది. మాల్‌కి కాకుండా అడవికి తీసుకెళ్లాలని బుద్ధి పుట్టినందుకు మురిసిపోయాను. మరుక్షణమే నీ చిన్నకూతురు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. వీధిలో కుక్కపిల్ల కనబడితే ఎత్తుకోకుండా ఉండదు కదా అది!

నీళ్లు, టోపీలు, బూట్లు నీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే బయల్దేరు, ఎండెక్కితే జింకలు నీడకు చేరతాయి. స్పీకర్, చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే ఉంచు.

అసలు సంగతి వేరే ఉంది. పరువు పోతుందని మీ నాన్న నీకు చెప్పి ఉండడు. వాడికి పెళ్లికాక ముందు మేమంతా అక్కడికి వెళ్లినప్పుడు, ఎండుగడ్డిలో కృష్ణజింక పిల్ల ఒక్కటే పడుకుని ఉంది. మట్టిరంగు ఒళ్లు, వీపుకి అంటుకుపోయిన చెవులు. మనిషి మీదికొచ్చినా కదల్లేదు, ముక్కుపుటాలు మాత్రం అదురుతున్నాయి. 'తల్లి చచ్చిపోయినట్టుంది పాపం' అంటూ మీ నాన్న దాన్ని తువ్వాలులో చుట్టి గేటు దాకా మోసుకొచ్చాడు. ఏదో పుణ్యం కట్టుకున్నట్టు ముఖం వెలిగిపోతోంది! కాపలా ఆయన అంతెత్తున లేచాడు. కృష్ణజింక కొత్తగా ఈనిన పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది. పక్కనే ఉంటే నక్కల కంట పడుతుందని, పాలివ్వడానికే వచ్చిపోతుంది. కదలకపోవడమే ఆ పిల్లకు రక్ష. దొరికిన చోటే పెట్టించి, మమ్మల్ని రోడ్డు దాకా తరిమాడు. తల్లి తిరిగొచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మీ నాన్న అన్నం ముట్టలేదు. తిట్టబోయిన నేనే పెరుగన్నం కలిపి పెట్టాను.

కాబట్టి గడ్డిలో పిల్ల కనబడితే ఫొటోకి కూడా ఆగొద్దు, వచ్చిన దారినే వెనక్కి నడవండి. మంద వెంట చప్పట్లు కొడుతూ పరిగెత్తనివ్వకు. తరిమితే ఒంటి మీద గాయం లేకుండానే, ఆ బెదురుకీ అలసటకీ చచ్చిపోయే జీవాలవి. నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములు ఉన్నది మగదనీ, కొమ్ముల్లేని లేతగోధుమ రంగుది ఆడదనీ చూపించు. ఒకప్పుడు అది నిజాం వేటాడిన చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆయన పేరు పెట్టి జింకలకే వదిలేశారు. ఈ ముక్క పెద్దదానికి చెప్పు, అది అడిగే ప్రశ్నలకు నువ్వే జవాబు చెప్పుకో.

తిరిగి కూకట్‌పల్లి వెళ్లాలంటే మా ఎల్బీనగర్ మీదుగానే కదా, బయట తినకండి. పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి ఉంచుతాను. మీ నాన్నను కూడా కారెక్కించుకురా. తువ్వాలు సంగతి నేను చెప్పానని మాత్రం అనకు.

మీ అత్తయ్య