నాలుగు రోజుల్లోనే ఇంత మార్పు.. అల్జీమర్స్ ముదిరినట్టేనా?

ప్రశ్న: అమ్మకు 72 ఏళ్లు. నిరుడు అల్జీమర్స్ అని తేల్చారు. అడిగిందే అడుగుతుంది, పొద్దున తిన్నది గుర్తుండదు గానీ చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతుంది. నాలుగు రోజుల నుంచి మాత్రం పగలంతా మగతగా ఉంటూ, రాత్రిళ్లు లేని మనుషులతో మాట్లాడుతోంది. జబ్బు ముదిరిందా?

సలహా: ఈ నాలుగు రోజుల మార్పును అల్జీమర్స్ ఖాతాలో వేసేయకండి. అది నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదిరే జబ్బు. ఉన్నట్టుండి మగత, అయోమయం, లేనివి కనిపించడం మొదలైతే డెలీరియం (ఒంట్లోని మరేదో సమస్య వల్ల మెదడు పనితీరు హఠాత్తుగా తారుమారు కావడం) అని అనుమానించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు లేదా సోడియం తగ్గడం, మలబద్ధకం.. ఏదైనా కారణం కావచ్చు. పెద్ద వయసులో జ్వరం లేకుండానే ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. నిద్రకనో జలుబుకనో ఇంట్లో వేసే మాత్రలూ ఇంత పనీ చేస్తాయి. ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? తలకు చిన్న దెబ్బే తగిలినా పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడొచ్చు. కాబట్టి ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి, చీటీ ఒక్కటే చాలదు.

ఇక అసలు జబ్బు సంగతి. మెదడు కణాల బయట అమిలాయిడ్, లోపల టౌ అనే ప్రొటీన్లు పేరుకుంటాయి. లక్షణాలు కనిపించడానికి 15-20 ఏళ్ల ముందే అమిలాయిడ్ చేరడం మొదలవుతుంది. కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ తొలినాళ్లలోనే దెబ్బతింటుంది. అమ్మకు పాతవి గుర్తుండి, పొద్దుటివి చెరిగిపోవడానికి కారణం అదే. క్రమంగా డబ్బు లెక్కలు తప్పుతాయి, తెలిసిన దారే తికమక పెడుతుంది. మధ్య దశలో ఎక్కడో పెట్టి మరచిన వస్తువును ఎవరో దొంగిలించారని అనుమానిస్తారు, పొద్దువాలే వేళ అలజడి పెరుగుతుంది. అప్పుడు వాదించకండి, కలిసి వెతకండి. చివరి దశలో మింగడం కష్టమై, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంటుంది. నిర్ధారణ తర్వాత చాలామంది 4-8 ఏళ్లు జీవిస్తారు, కొందరు 20 ఏళ్ల దాకా కూడా.

అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ అనే మాత్రను మామూలుగా రోజుకు 5 మి.గ్రా.తో మొదలెట్టి, 4-6 వారాల తర్వాత తట్టుకుంటే 10కి పెంచుతారు. జబ్బును ఆపదు, కొంతకాలం లక్షణాలను తగ్గిస్తుందంతే. వికారం, విరేచనాలు ఉండొచ్చు. నాడి నెమ్మదించడం, కళ్లు తిరిగి పడిపోవడం జరిగితే వెంటనే డాక్టర్‌కు చెప్పి ఈసీజీ తీయించండి.