పరగడుపున జిమ్‌కు వెళ్తే కళ్లు తిరుగుతున్నాయి.. తిని వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 36. రెండు నెలలుగా పొద్దున 5:45కి జిమ్‌కు వెళ్తున్నాను. గంట సేపు బరువులు, కాస్త పరుగు. బరువు తగ్గాలని రాత్రి ఏడింటికే కొద్దిగా తిని ఆపేస్తున్నాను. పొద్దున బ్లాక్ కాఫీ ఒక్కటే. పరగడుపున చేస్తేనే కొవ్వు కరుగుతుందని మా ట్రైనర్ అంటున్నారు. కానీ వారంలో ఒకటి రెండుసార్లు స్క్వాట్స్ సెట్ అయ్యాక కళ్లు తిరుగుతున్నాయి. పోనీ అని అరటిపండు తిని వెళ్తే కడుపు బరువుగా ఉంటోంది. షుగర్, బీపీ లేవు. తినాలా, వద్దా?

డాక్టర్ సలహా: పరగడుపున వ్యాయామం చేయడం తప్పేమీ కాదు. అరగంటో ముప్పావుగంటో నడిచి వచ్చేవాళ్లు, తేలికపాటి యోగా చేసేవాళ్లు గ్లాసు నీళ్లు తాగి వెళ్లినా చాలు. మిమ్మల్ని మాత్రం నేను తినే వెళ్లమంటాను. దానికి కారణం ట్రైనర్ మాట కాదు, మీరు మాటవరసకు రాసిన 'రాత్రి ఏడింటికే కొద్దిగా తిని' అన్న ముక్క.

ఏడు నుంచి 5:45 వరకు లెక్కేస్తే దాదాపు 11 గంటలు. మనం తిన్న పిండి పదార్థాలను శరీరం గ్లైకోజెన్‌గా మార్చి ముఖ్యంగా రెండు చోట్ల దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 80 నుంచి 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాములు. మనం నిద్రపోయినా మెదడు గ్లూకోజ్ వాడుకుంటూనే ఉంటుంది. ఆ సరఫరా కాలేయం నుంచే జరగాలి కాబట్టి, తెల్లారేసరికి అక్కడి నిల్వ బాగా తరిగిపోతుంది. కండరాల్లోది మాత్రం పెద్దగా కదలదు. అందుకే మీకు బార్ ఎత్తే బలం ఉన్నట్టే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, కండరం తన దగ్గరున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదలదు, తానే వాడుకుంటుంది. కాళ్లలో సత్తువ ఉండగానే తల తేలిపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ట్రైనర్ చెప్పింది సగం నిజం. ఖాళీ కడుపుతో చేసినప్పుడు ఆ గంటలో కొవ్వు ఎక్కువ పాళ్లలో ఖర్చవుతుంది. కానీ శరీరం గంటకో లెక్క కట్టి ఊరుకోదు, రోజు మొత్తంలో సర్దేసుకుంటుంది. రోజులో తినే కేలరీలు సమానంగా ఉన్నప్పుడు తిని చేసినవాళ్లకూ, తినకుండా చేసినవాళ్లకూ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా అధ్యయనాల్లో కనిపించలేదు. పైగా నీరసంతో రెండు సెట్లు వదిలేసి వస్తే, ఆ కరిగే కాస్త కొవ్వు కూడా కరగదు. అయినా జిమ్‌లలో ఈ మాట ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, పేషెంట్లు నా మాట కంటే దాన్నే ముందు నమ్ముతారు!

ఇక కళ్లు తిరగడం సంగతి. దాన్ని పూర్తిగా తిండి మీదకు తోసేయడం నాకు ఇష్టం లేదు. పరుగులో కాకుండా స్క్వాట్స్ అయ్యాకే అవుతోందని మీరే రాశారు. బరువు మోస్తూ చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు. అప్పుడు బీపీ ఒక్కసారిగా పెరిగి, బార్ దించగానే పడిపోతుంది. సెట్ అయ్యాక కదలకుండా నిలబడితే కాళ్లలోకి వచ్చిన రక్తం అక్కడే ఆగి, మెదడుకు అందేది కాసేపు తగ్గుతుంది. రాత్రంతా నీళ్లు తాగకపోవడం దీనికి తోడు. కాబట్టి కిందికి దిగేటప్పుడు గాలి పీల్చండి, పైకి లేచేటప్పుడు వదలండి. సెట్ అవగానే నాలుగడుగులు అటూ ఇటూ నడవండి. నిద్ర లేవగానే ఒకటి రెండు గ్లాసుల నీళ్లు తాగండి.

అరటిపండు పడటం లేదన్నారు. బహుశా తినగానే బయల్దేరుతున్నట్టున్నారు. వ్యాయామం మొదలవగానే రక్తం కండరాల వైపు మళ్లుతుంది, జీర్ణాశయానికి అందేది తగ్గుతుంది. అప్పుడు లోపల ఏముంటే అది అక్కడే కూర్చుంటుంది. పండు సగమే తినండి, అదీ అరగంట ముందు. లేదా ఒక బ్రెడ్ స్లైస్, రెండు మూడు ఖర్జూరాలు. నమలడమే కష్టమనిపిస్తే అర గ్లాసు పండ్ల రసం. గుడ్లు, నట్స్, పీచు ఎక్కువున్నవి ఆ సమయానికి వద్దు, అవి కడుపులోంచి త్వరగా కదలవు. కడుపు నిండా తినాలంటే మూడు నాలుగు గంటల ముందు తినాలి, ఆ వేళకు లేవమని మీకు చెప్పలేను. ఒక్క సంగతి. తీపి తిన్న అరగంట, ముప్పావుగంటకు వ్యాయామం మొదలుపెడితే కొద్దిమందికి రక్తంలో గ్లూకోజ్ కాసేపు ఇంకా తగ్గుతుంది. మీకు అలా అనిపిస్తే వార్మప్‌కు ఐదు నిమిషాల ముందు రెండు గుక్కల రసం తాగి చూడండి.

ఇవేవీ సరిపడకపోతే పొద్దున తిండి వదిలేసి రాత్రి భోజనాన్ని సరిచేయండి. ఎనిమిదింటికి జరపండి, అందులో పిండి పదార్థాలను పూర్తిగా ఎత్తేయకండి. నిజానికి నాకు నచ్చే మార్గం ఇదే. కాఫీ తాగాలనుకుంటే తాగండి, హుషారు ఇస్తుంది. కానీ బ్లాక్ కాఫీలో కేలరీలు దాదాపు ఉండవు, దాన్ని తిండి కింద లెక్కేయకండి. జిమ్ నుంచి వచ్చాక మాత్రం టిఫిన్ వాయిదా వేయొద్దు. గంటలోపు 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ అందేలా తినండి.

మీకు షుగర్ లేదన్నారు కాబట్టి ఇది ఇతర పాఠకుల కోసం. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు ఈ ప్రయోగాలు సొంతంగా చేయొద్దు. వ్యాయామానికి ముందు గ్లూకోజ్ చూసుకోండి. 90 కంటే తక్కువుంటే 15 నుంచి 30 గ్రాముల పిండి పదార్థం తిన్నాకే మొదలుపెట్టాలి. మాత్రల డోసు మార్చాలా అన్నది మీ డాక్టర్‌ను అడగండి. గర్భిణులు కూడా ఖాళీ కడుపుతో చేయకపోవడం మంచిది.

మళ్లీ మీ దగ్గరికి వద్దాం. వ్యాయామం చేస్తుండగానే స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి లేదా గుండె దడ వచ్చినా, మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా, జిమ్ ఆపి ముందు గుండె డాక్టర్‌ను కలవండి. ఈసీజీ, ఎకో చేయించాల్సి రావచ్చు. ఇవేవీ లేకపోతే హిమోగ్లోబిన్, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూపించుకుంటే చాలు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రెండు వారాలు జిమ్ బ్యాగులో పెట్టుకోండి. కళ్లు తిరగగానే కూర్చుని వేలి చివర గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే పండ్ల రసమో గ్లూకోజో తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఆ అంకెలు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 90, 100 అలా మామూలుగా ఉంటే మాత్రం మీ కళ్లు తిరగడానికి కారణం తిండి కాదు. ఊపిరి, నీళ్లు, బీపీ వైపు చూడాలి.