కత్తి ఎక్కడ నడిచిందో చూడు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన గ్రాఫులు రెండూ రాత్రే చూశాను. ఎంత టెన్షన్ పడుతున్నావో ఫోన్‌లో నీ గొంతు విన్నప్పుడే తెలిసింది. ఫోమ్ దిమ్మెల్ని నొక్కితే చిన్నవి మెత్తగా వచ్చాయి, త్రీడీ ప్రింట్ చేసిన రంధ్రాల బీముల్ని వంచితేనేమో చిన్నవే గట్టిగా వచ్చాయి, ఒకే రిపోర్టులో ఈ రెండూ ఎలా రాయను మామయ్యా, చిన్న ముక్కల లెక్కలు తీసేయనా అని అడిగావు. తీసేయొద్దు. నేను గుంటూరులో ల్యాబు ఉద్యోగంలో చేరిన కొత్తలో తేలికపాటి కాంక్రీటు దిమ్మెల మీద నాకూ ఇలాగే చిన్నవాటి లెక్క పెద్దవాటితో కలవలేదు, మిషన్ తప్పు అని రాసి కొట్టేశాను. ఆ కాగితాలు ఇప్పుడు లేవు. ఆ బాధ ఈనాటికీ పోలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక పని చెయ్యి. కార్తీకమాసంలో కృష్ణలో దీపాలు వదలడానికి అరటి డొప్పలు తెస్తాం కదా, అలాంటి డొప్ప ఒకటి తెచ్చి అడ్డంగా కోసి చూడు. పైన ఒక చర్మం, కింద ఒక చర్మం, మధ్యలో గాలి గదులు, వాటి మధ్య సన్నటి గోడలు. రెండు చేతులతో పట్టుకుని వంచు, అంత తేలికైన వస్తువు ఎంత మొండికేస్తుందో తెలుస్తుంది. ఇప్పుడు చాకుతో ఒకవైపు చర్మం చెక్కేసి, గదులు బయటపడ్డాక మళ్లీ వంచు. తీసేసింది కాస్తే, పోయిన బలం మాత్రం చాలా ఎక్కువ. నీ రెండు గ్రాఫుల తగాదా మొత్తం ఈ డొప్పలోనే ఉంది.

కాగితం మీద లెక్క కట్టి చూద్దాం. రంధ్రాల్ని పొడవాటి చీలికల్లా అనుకో, సన్నటి అడ్డుగోడలు పొరల్ని కలిపి పట్టుకుంటాయి. ఒక్కో వరుసలో పైన పావు వంతు గట్టి పదార్థం, మధ్యలో సగం ఖాళీ, కింద మళ్లీ పావు వంతు గట్టిది. ఇలాంటి వరుసలు ఎన్ని పేర్చినా సగం ఖాళీయే కాబట్టి, పొడవునా లాగితే స్టిఫ్‌నెస్ (అంటే లొంగకుండా మొండికేసే గుణం) అదే సైజు, ఖాళీల్లేని గట్టి బీములో 50 శాతం, అందులో మార్పు ఉండదు. వంచినప్పుడు కథ వేరు. ఒక వరుస బీముకు 87.5 శాతం వస్తుంది, రెండు వరుసలకు 59.4, మూడింటికి 54.2, అలా తగ్గుతూ 50 దగ్గరకు చేరుతుంది. వంపులో పని చేసేది మధ్య గీతకు దూరంగా ఉన్న పదార్థం, ఆ దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. ఒక్క వరుసలో ఖాళీ అంతా నడుమన పడి, గట్టిదంతా అంచున ఉంది.

ఇప్పుడు అదే దిమ్మెను అర గది జరిపి కోశావనుకో, అంటే కత్తి ఖాళీల నడుమ నుంచి పోయింది. ఒక వరుసకు 12.5 శాతం, రెండింటికి 40.6, మూడింటికి 45.8. అదే పదార్థం, అంతే ఖాళీ, అంతే సైజు, కత్తి మాత్రం జరిగింది. గుండ్రటి రంధ్రాలకు ఈ అంకెలు మారతాయి గానీ పోకడ ఇదే. నీ ప్రింట్ బీములకు పైనా కిందా చర్మం ఉంది, అందుకే చిన్నవి గట్టిగా వచ్చాయి. ఆటోనగర్‌లో రంపంతో కోయించిన నీ ఫోమ్‌కు అన్ని వైపులా తెగిన గదులే, తెగిన గోడ బరువు మోయదు, పైగా రంపం పళ్లు ఇంకో పొరను చింపేస్తాయి. ఆ పాడైన పొర మందం ముక్క సైజును బట్టి తగ్గదు, అసలు చిక్కు ఇక్కడే. చుట్టూ ఒక మిల్లీమీటరు పాడైందనుకుంటే 50 మిల్లీమీటర్ల ముక్కలో మోసే వైశాల్యం 92 శాతం మిగులుతుంది, 10 మిల్లీమీటర్లదానిలో 64 మాత్రమే.

సైజును బట్టి మాడ్యులస్, అంటే పదార్థానికి సొంతమైన మొండితనపు అంకె, మారదని పుస్తకంలో ఉంది కదా అని మీ గైడు అన్నారన్నావు. ఆయన చెప్పిన సిద్ధాంతంలో గది సైజు లాంటి పొడవు కొలతే ఉండదు, కాబట్టి అది ఎప్పటికీ అదే చెబుతుంది. 1909లో ఫ్రాన్సులో కోసెరా అన్నదమ్ములు పదార్థంలో ప్రతి బిందువూ జరగడమే కాక విడిగా తిరుగుతుంది కూడా అని ఇంకో సిద్ధాంతం రాశారు, అందులో ఆ కొలత వస్తుంది. అమెరికాలో రోడెరిక్ లేక్స్ 1980లలో ఎముక మీదా, ఫోమ్ మీదా ప్రయోగాలు చేసి, సన్నటి ముక్కలు మామూలు లెక్కకంటే మొండిగా ఉన్నాయని చూపించాడు. గైడుకు ఈ రెండు మాటలూ మర్యాదగా చెప్పు. కానీ ఆ సమీకరణాల్లోకి నీ అంకెలు తోసేయడానికి తొందరపడకు, ముక్క అంచు ఎలా ఉందో తేలకుండా వచ్చిన కొలతకు అర్థం లేదు.

ఇక మళ్లీ చేసేటప్పుడు. ప్రతి ముక్కనూ తూకం వెయ్యి, ఇది మాత్రం ఎగ్గొట్టకు, ఎందుకంటే తెరిచిన గదుల ఫోమ్‌లో మాడ్యులస్ దాదాపు సాంద్రత వర్గంతో పాటు పోతుంది, సాంద్రత పది శాతం పెరిగితే స్టిఫ్‌నెస్ ఇరవై పైనే పెరిగి, నువ్వు దాన్ని సైజు మహిమ అనుకుంటావు. అన్నీ ఒకే దిమ్మెలోంచి కోయించు. బీము లోతు మార్చినప్పుడు ఆనికల మధ్య దూరం కూడా అదే నిష్పత్తిలో మార్చు, లేకపోతే షియర్, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారడం, వచ్చి కలుస్తుంది. మిషన్ తల ఎంత దిగిందో చూసి స్ట్రెయిన్ (ముక్క తన పొడవులో ఎన్నో వంతు నలిగిందో ఆ లెక్క) రాయకు, ప్లేట్లకు ఆనిన గదులు ముందే నలుగుతాయి, పొట్టి ముక్కలో ఆ వాటా పెద్దది. ముక్క నడుమ రెండు చుక్కలు పెట్టి కెమెరాతో కొలువు. మిల్లీమీటర్లతో పాటు అడ్డంగా ఎన్ని గదులున్నాయో కూడా రాయి. లోహపు ఫోములను నొక్కే ఐఎస్ఓ 13314 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి ఏ వైపు చూసినా సగటు రంధ్రానికి కనీసం పది రెట్లు ఉండాలంటుంది. నీ చిన్నవాటిలో మూడు నాలుగే కనిపిస్తున్నాయి.

గ్రాఫు కూడా మార్చి గీయి. వంచిన బీములకు అడ్డం గీత మీద లోతు బదులు ఒకటి బై లోతు వర్గం పెట్టు; పై లెక్కలో 50 మీద మిగులు 37.5, 9.4, 4.2 అని నాలుగో వంతుకు, తొమ్మిదో వంతుకు పడింది చూడు, అందుకే సరళరేఖ వస్తుంది. ఎడమ అంచున అది తాకే చోటే పెద్ద దిమ్మె విలువ. నొక్కిన ఫోమ్‌కు వర్గం వద్దు, ఒకటి బై వెడల్పు చాలు.

ఒక్క కొత్త ముక్క మాత్రం ప్రింట్ చేయించు: అదే బీము, అర గది జరిపి, చర్మం లేకుండా. అది మెత్తగా వస్తే గైడు ముందు రెండూ పక్కపక్కన పెట్టు.

ఆదివారం గుంటూరు వచ్చేటప్పుడు పక్కన పడేసిన ఫోమ్ ముక్కలన్నీ సంచిలో వేసుకురా. భూతద్దం నా దగ్గర ఉంది, అంచున తెగిన గదులు కలిసి లెక్కపెడదాం. అత్తయ్య గోంగూర పప్పు చేస్తానంటోంది, పదింటి బస్సు ఎక్కు.

మామయ్య