పదకొండో పేజీ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర ఆపేసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చాను. కోపమొస్తే నాకదే అలవాటు.

రాకీ పర్వతాల్లో ఎవరో దాచిన పెట్టె కోసం అయిదేళ్లుగా తిరుగుతున్నాడు నీ కథానాయకుడు. చేతిలో ఉన్నదల్లా ఒక పద్యం. ఓ రాత్రి అమెరికా ప్రభుత్వపు స్థలనామాల డేటాబేస్ తెరిచి, పద్యంలోని ఒక మాట టైప్ చేసి ఎంటర్ కొట్టాడు. ‘తెర మీద ఒకే ఒక్క పేరు మెరిసింది’ అని రాశావు. తెల్లారేసరికి పలుగూ పారా పట్టుకుని కొండెక్కేశాడు. అమ్మాయీ, ఆ ‘ఒకే ఒక్క’ చదివాక నాకు కథ మీద నమ్మకం పోయింది.

నువ్వా డేటాబేస్ ఎప్పుడైనా తెరిచావా? తెరిచి ఉంటే ఆ వాక్యం రాసేదానివి కాదు. దాన్ని జీఎన్ఐఎస్ అంటారు. నడిపేది అక్కడి జియలాజికల్ సర్వే. ఏ పేరు అధికారికమో తేల్చే బోర్డు 1890 నుంచీ ఉంది. ఫైలు దించుకుని చూడు, మెరిసేదేమీ ఉండదు. వరసకో పేరు, మధ్యలో నిలువు గీతలు: నంబరు, పేరు, అది వాగో శిఖరమో లోయో, ఏ రాష్ట్రం, ఏ కౌంటీ, ఏ మ్యాపు షీటు, అక్షాంశ రేఖాంశాలు. కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. నిధి వేటలో ఉన్న మజా అంతా ఆ చిట్టాతో కుస్తీ పట్టడంలోనే ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

ఫారెస్ట్ ఫెన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, నీ కథ వాసన అదే. న్యూ మెక్సికో రాష్ట్రంలోని శాంటా ఫేలో ఆర్ట్ గ్యాలరీ నడిపిన మనిషి. ఒక పెట్టె నిండా బంగారం పెట్టి కొండల్లో దాచి, 2010లో అచ్చయిన తన ఆత్మకథలో 24 పాదాల పద్యం ఇచ్చాడు. తొమ్మిది ఆనవాళ్లున్నాయన్నాడు. అందులో ఒకటి బ్రౌన్ ఇంటి గురించి. ఇంగ్లీషులో బ్రౌన్ పెద్ద అక్షరంతో మొదలవుతుంది కాబట్టి అది మనిషి పేరని కొందరు, కాదు బ్రౌన్ ట్రౌట్ అనే చేప ఉండే నీళ్లని కొందరు. మనిషి పేరే అనుకుని డేటాబేస్‌లో బ్రౌన్ అని కొడితే ఏమవుతుంది? ఆ పేరు మోసే వాగులు, లోయలు, గుట్టలు చాంతాడంత జాబితాగా వచ్చి పడతాయి.

అక్కణ్ణుంచి అసలు పని. పెట్టె శాంటా ఫేకి ఉత్తరాన ఉందన్నాడు ఫెన్, సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన, 10,200 అడుగుల కింద అన్నాడు. కాబట్టి దక్షిణాన ఉన్నవన్నీ కొట్టెయ్. మిగిలినవాటి ఎత్తు మ్యాపులో చూసి ఇంకొన్ని కొట్టెయ్. ఇక్కడే ఒక తిరకాసుంది. వాగుకి ఆ జాబితాలో ఇచ్చే ప్రధాన బిందువు అది పోయి కలిసే చోటు, అంటే దాని అడుగు కొస. ఆ కొస 4,800 అడుగుల దగ్గరుంటే తొందరపాటు మనిషి వాగు మొత్తాన్ని కొట్టేస్తాడు. పై కొస ఎక్కడో ఏడువేల అడుగుల మీదుంటుంది. నీ కథానాయకుడు ఆ తప్పు చేసి, రెండేళ్ల తర్వాత నాలిక కరుచుకుని, కొట్టేసిన వాగుని వెనక్కి తెచ్చుకుంటే? అదీ పదకొండో పేజీ!

అపాస్ట్రఫీ ఇంకో పేచీ. ఆ బోర్డుకి పేర్లలో అది గిట్టదు. ఎవరిదో అన్నట్టుండే గుర్తును తీసేసి రాయడం వాళ్ల పద్ధతి. అది ఉంచుకోనిచ్చిన సహజ స్థలాలు అమెరికా మొత్తం మీద అయిదే, మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి వాటిలో ఒకటి. 1891లో పిట్స్‌బర్గ్ నగరానికి చివరున్న ‘హెచ్’ పీకేశారు కూడా. ఊరి జనం ఒప్పుకోలేదు, 1911లో మళ్లీ తగిలించాల్సొచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో అచ్చయిన మ్యాపు పట్టుకుని వెతికేవాడి గతేమిటో ఆలోచించు. అందుకే అధికారిక పేరుతో పాటు పాత పేర్లు, మారు పేర్లు కూడా నమోదు చేస్తారు. 2022లో ఆదివాసీ స్త్రీలను కించపరిచే ఒక మాటను 650కి దగ్గర దగ్గరగా స్థలాల పేర్లలోంచి తీసేశారు. పద్యం పాతదైతే వెతకాల్సింది పాత పేరు. పేరు వాంగ్మూలం లాంటిది, సాక్షిని నిలబెట్టి అడ్డంగా ప్రశ్నించాలి. నలభై ఏళ్లుగా ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

ఇంకా ఘోరం, ‘బ్రౌన్స్ హోల్’ అనే పేరు చూడగానే మీవాడు అక్కడ గొయ్యి ఉందనుకుని తవ్వడం మొదలెట్టాడు. ఆ కొండల్లో బొచ్చు కోసం జంతువుల్ని వేటాడేవాళ్లు హోల్ అన్నది చుట్టూ పర్వతాలున్న లోయని. జాక్సన్ హోల్ గొయ్యా ఏమిటి, పొడుగాటి లోయ! కొలరాడో, యూటా సరిహద్దులో ఉన్న ఆ బ్రౌన్స్ హోల్‌ని ఇప్పుడు బ్రౌన్స్ పార్క్ అంటారు. ఆ ప్రాంతంలో పార్క్ అన్నా అలాంటి లోయే, బెంచీలూ ఉయ్యాలలూ ఉండవు.

ఆ పాత బడి సంగతొకటి. జీఎన్ఐఎస్‌లో దొరికిందన్నావు, కథ జరిగేది 2023లో. బడులు, చర్చిలు, శ్మశానాలు, ఇలా మనుషులు కట్టినవి చాలావరకు 2021లోనే ఆ జాబితా నుంచి పక్కకు తీసేశారు. దాచిపెట్టిన పాత ఫైళ్లలో వెతికించు. అన్నట్టు శ్మశానం జోలికి మాత్రం పంపకు. ఫెన్ పెట్టె కోసం ఎల్లోస్టోన్ పార్కులోని శ్మశానం తవ్వినవాడికి ఆరు నెలల జైలు పడింది. పెట్టె 2020లో వయోమింగ్‌లో ఇంకొకరికి దొరికింది. ఈలోగా ఆ వేటలో అయిదుగురు చచ్చిపోయారు. నీ కథలో ఎవరికీ కాలు కూడా బెణకదు.

‘టెక్నికల్ వివరాలు పాఠకులకి బోర్’ అని ఒక సంపాదకుడు చెప్పాడని రాశావు. ఆయనెవరో నాకక్కర్లేదు, ఆ జాతి నాకు బాగా తెలుసు. నా మొదటి సీరియల్ కథంతా ఒకే పేరున్న రెండు ఊళ్ల మీద నడుస్తుంది. ఉత్తరం ఒక ఊరికి రావాల్సింది, ఇంకో ఊరికి పోతుంది. ఏడో వారం పత్రిక తెరిస్తే రెండో ఊరికి వేరే పేరు! ‘పాఠకులు తికమక పడతారని మార్చామండీ’ అన్నాడు డెస్కులో కుర్రాడు. కవలల నాటకంలో ఒకడికి మీసం అంటించినట్టయింది. తికమకే కదయ్యా కథ అన్నాను. డబ్బు కోసం నోరు మూసుకుని మిగతా పదకొండు వారాలూ రాశాను. ఇప్పుడేమో ప్రతి థ్రిల్లరూ శవంతో మొదలై రహస్య సంఘంతో ముగుస్తోంది, మధ్యలో ఎవడూ ఒక మ్యాపు మడత విప్పిన పాపాన పోడు.

చివర్లో తవ్విన గొయ్యిని మళ్లీ పూడ్చి, పైన గడ్డి పెళ్ల సర్ది, చేత్తో నొక్కి వెళ్లాడే, అది బాగుంది. అక్కడ ఒక్క మాట కూడా ముట్టుకోకు.

పోటీకి పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ఆ డేటాబేస్ తెరిచి బ్రౌన్ అని నువ్వే కొట్టు. ఎన్ని వచ్చాయో, ఏవి కొట్టేశావో, ఎందుకు కొట్టేశావో, కొట్టేశాక దేని గురించి మనసు పీకిందో ఒక కాగితం మీద రాసుకో. కథకంటే ముందు ఆ కాగితం నాకు పంపు, కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన