జైల్లో ఉన్నవారి గురించి రాసే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో ఏళ్ల తరబడి జైల్లో ఉన్న ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారి వర్ధంతికి పెడతానని పంపిన పోస్టు చదివాను. కోపం సబబే, తొందరే బాగాలేదు. కోర్టు వార్తలు దిద్దుతూ ఉద్యోగం వెళ్లదీసినవాడి చాదస్తం కాస్త భరించు.

ముందు తేదీలు చూడమ్మా. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆ శిక్షను కొట్టేసింది. మర్నాడే, శనివారమైనా ప్రత్యేకంగా కూర్చుని, సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. 2024 మార్చి 5న హైకోర్టు కేసును తిరిగి విని, మళ్లీ నిర్దోషి అంది. మొదటిసారి కారణం కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతిలో లోపం. రెండోసారి సాక్ష్యాలను కూడా తూచి, నేరం రుజువు కాలేదని చెప్పారు. నువ్వు రెండు తీర్పులనూ ఒకే వాక్యంలో కుక్కావు. ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా అబద్ధమనేవాళ్లు కాచుకుని ఉంటారు. 2017 నాటి వార్తను ఇప్పటికీ తిప్పుతూ ఆయన్ని దోషి అనేవాళ్లకు ఆ చివరి తీర్పు తేదీ చాలు, తిట్లు అక్కర్లేదు.

ఆదివాసీల హక్కుల కోసం పనిచేసి, భీమా కోరేగావ్ కేసులో జైలుపాలైన ఫాదర్ స్టాన్ స్వామి గారి సిప్పర్ (గొట్టంతో తాగే కప్పు) సంగతి కూడా రాశావు. జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ దాన్ని లాక్కుందని నువ్వు తేల్చేశావు. తాము తీసుకోలేదని ఆ సంస్థ కోర్టుకు చెప్పింది. నీకూ నాకూ తెలియని ఆ ముక్క వదిలెయ్. తెలిసింది చాలదా? పార్కిన్సన్స్‌తో చేతులు వణికే ఎనభై ఏళ్లు దాటిన మనిషి గ్లాసు పట్టుకోలేక, స్ట్రా, సిప్పర్ ఇప్పించమని 2020 నవంబర్‌లో కోర్టును అడగాల్సి వచ్చింది. జవాబివ్వడానికి దర్యాప్తు సంస్థ 20 రోజుల గడువు కోరింది. మరుసటి జూలైలో, బెయిల్ రాకుండానే, ఆస్పత్రిలో పోయారు. దీనికి ఒక్క విశేషణం చేర్చినా బలం తగ్గుతుంది.

ఆరోగ్యం విషయంలో మరీ జాగ్రత్త. అప్పుడు జైల్లో ఉన్న కవి వరవరరావు గారు ఫోనులో పొంతన లేకుండా మాట్లాడుతున్నారని 2020 జూలైలో కుటుంబమే బయటికి వచ్చి చెప్పింది. అలా ఇంటివాళ్లు చెప్పినంతే రాయి. "విషమం" అంటూ మనం కల్పించింది ముందు చేరేది ఆ ఇంటి ఫోనుకే.

సాయిబాబా గారి రాజకీయాలు నచ్చనివాళ్లందరూ దుర్మార్గులు కారు. ఆ అభిప్రాయాలను ఖండిస్తూనే జైల్లో వైద్యం అందాలన్నవాళ్లను నేనెరుగుదును. వాళ్లతో వాదించు. పోలియో వల్ల చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషిది నాటకమని వెక్కిరించినవాళ్లకు మాత్రం జవాబు రాస్తూ కూర్చోకు, పొద్దు దండగ.

నీ పోస్టు చివరి పేరాలో ఒక పోలీసు అధికారి ఇంటి చిరునామా పెట్టావు. వెంటనే తీసెయ్. ఆ ఇంట్లో నీ ఈడు పిల్లలుంటారు. మిగతాది సరిచేసి మళ్లీ పంపు, రాత్రి పది దాకా మేలుకునే ఉంటాను.

మీ తాతయ్య