తోటలో పిట్టలు గూళ్ళు పెట్టాలంటే ఏ మొక్కలు నాటాలి?

ఊరి చివర రెండెకరాల్లో మన నేల మొక్కలతోనే తోట పెంచుతున్నామని, మూడేళ్ళయినా పిట్టలు వచ్చి పోతున్నాయే తప్ప గూడు మాత్రం కట్టడం లేదని, ఇంకా ఏం నాటమంటారని అడిగారు. ఇంకేం నాటకండి. మీ తోటలో కత్తెర ఎవరి చేతిలో ఉందో కనుక్కుని వాళ్ళకు ఆర్నెల్లు సెలవిచ్చేయండి.

హైదరాబాద్ శివార్లలో గుండ్రాళ్ళ గుట్టల మధ్య కంచె వేసి కాపాడుకుంటున్న ఒక తోటలో ఎనిమిదేళ్ళుగా ఆదివారాలు పనిచేస్తున్నాను. పనంటే పెద్దదేమీ కాదు. కలుపు తీయడం, నీళ్ళు పోయడం, బడిపిల్లలు వస్తే వెంట తిరిగి చూపించడం. అక్కడున్న కలివి, వావిలి, రేగు, పరికి, బలుసు చాలా మటుకు వాటంతటవే మొలిచినవి. మేము ఫోటోలు దిగి మరీ నాటినవాటిలో సగం చచ్చాయి. ఆ సంగతి బోర్డు మీద రాయలేదు లెండి.

మూడేళ్ళ కిందట ఏప్రిల్లో, దారి పక్కనే ఉన్న కలివి పొదలో ఒక పిగిలిపిట్ట, అదే బుల్‌బుల్, గూడు కట్టింది. నా నడుమెత్తులోనే ఉంది. కలివి ముళ్ళు జంటలు జంటలుగా ఉంటాయి, చెయ్యి దూరిస్తే మోచేతి దాకా గీతలే. పిట్టకు కావలసిందీ అదే. ఎండుపుల్లలు, సన్నవేళ్ళు చుట్టి చేసిన చిన్న గిన్నెలాంటి గూడు, అందులో మూడు గుడ్లు. లేత గులాబీ రంగు మీద కుంకుమ చిలకరించినట్టు ఉన్నాయి. రెండు వారాలకు పిల్లలవుతాయి కదా, నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ వారం ఆదివారమొక్కటే కాదు, రోజూ వెళ్ళాను.

సరిగ్గా అప్పుడే తోటకు ఎవరో పెద్దమనిషి వస్తున్నారని కబురొచ్చింది. దారి నీట్‌గా ఉండాలట. కాంట్రాక్టర్ మనుషులు కోత మిషన్లతో దిగుతారని తెలిసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ పొద జోలికి పోవద్దని గుర్తుగా మా మనవరాలి జడ రిబ్బను ఒకటి, ఎర్రది, దానికి కట్టి వచ్చాను. ఎంత తెలివైన పని చేశానో అని ఆ రాత్రి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను కూడా.

మర్నాడు వెళ్తే దారికి అటూ ఇటూ పొదలన్నీ పైపైన కత్తిరించి ఉన్నాయి. నా కలివి ఒక్కదాన్నే ముందువైపంతా మొదలంటా నరికేశారు. సగం నరికాక లోపల్నుంచి పిట్ట ఎగిరిందట, అప్పుడు ఆపారు. ఇదేం పని అంటే, కోత కోసినతను అమాయకంగా నా మొహంలోకి చూసి, "మీరే గదమ్మా ఎర్రరిబ్బను కట్టింది? కొట్టమనే గద?" అన్నాడు. అతన్నేమనగలను? చెట్లు కొట్టేముందు ఎర్రగుర్తు పెట్టడమే అతను పుట్టి బుద్ధెరిగాక చూసింది.

గూడు నిలువునా ఎండకు పడింది. తల్లి నోరు తెరుచుకుని, రెక్కలు కాస్త వదులు చేసి, గుడ్లకు గొడుగు పట్టినట్టు నిలబడి ఉంది. నరికిన కొమ్మలనే తెచ్చి పురికొసతో మళ్ళీ పొదకు కట్టాను. కలివి తుంచితే పాలు కారతాయి. చేతులకు నెత్తురు, చీరకు జిగురు. సాయంత్రానికి ఆకులన్నీ వాడి ముడుచుకుపోయాయి. మూడోరోజుకు గూడు ఖాళీ, పెంకు ముక్క కూడా లేదు. కాస్త దూరంలో జెముడుకాకి, ఏమీ ఎరగనట్టు నేల మీద నడుచుకుంటూ పోతోంది. కళ్ళారా చూడలేదు గానీ పని దానిదే.

వేటంటే తుపాకో వలో పట్టుకోవడమే అనుకుంటాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పిట్టల గుడ్లు పాడుచేయడం, గూళ్ళను కదపడం కూడా ఉన్నాయి. తోట చూసుకునే ఆఫీసులో ఇది చెబితే "అవునా మేడమ్" అని టీ తెప్పించారు. టీ బాగానే ఉంది.

అసలు మనకు తోటంటే దువ్విన తలలా ఉండాలి. ఎండిన కొమ్మ కనబడితే చాలు, ఎవరో ఒకరు గొడ్డలి వెతుక్కుంటారు. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు కనబడితే శుభమని మెడలు రిక్కించి చూస్తాం, దానికోసం పట్టి పంజరాల్లో తెచ్చి చూపించి డబ్బులడిగినవాళ్ళూ ఉన్నారు. మరి అది గుడ్లు పెట్టేదెక్కడ? చెట్టు తొర్రలో. తనంతట తాను తొలుచుకోలేదు, కుళ్ళి ఊడిన చోటో, వడ్రంగిపిట్ట వదిలేసిన బొక్కో దొరకాలి. అవి ఎక్కువగా ఉండేది ముసలి చెట్లలో, చచ్చిన మానుల్లో. మనం తోటలోకి దిగగానే ముందు కొట్టేది వాటినే.

తంగేడు సంగతీ అంతే. రాష్ట్ర పుష్పమని, బతుకమ్మకు కావాలని నాటుతారు. ఆకుల మీద గొంగళిపురుగులు కనబడగానే మందు కొడతారు. అవి పసుపు, తెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. పిగిలిపిట్ట పళ్ళు తినేదే అయినా గూట్లో పిల్లలకు మొదట పెట్టేది పురుగులే. మీరు కొట్టిన మందు వాటి నోటికాడి కూడు మీదే పడుతుంది. అన్నట్టు, తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తేనే ఆ పుప్పొడి రాలుతుంది. ఉదయం వెళ్ళి దగ్గరగా నిలబడితే ఆ శబ్దం తేడాగా వినిపిస్తుంది, ఎగిరేటప్పటి మోత వేరు, ఇది వేరు.

తలంబ్రాల చెట్టు, అదే లంటానా, ఉంచాలా పీకాలా అని కూడా రాశారు. ఈ మాట మీద మా తోటలో ఇద్దరికి రెండేళ్ళుగా మాటల్లేవు. అది అమెరికా ఖండం నుంచి తోటల్లో అందానికని తెచ్చిన మొక్క, ఇప్పుడు అడవుల్ని మింగుతోంది, పీకాల్సిందే. కానీ దాని పళ్ళు తిని గింజలు చల్లేది పిగిలిపిట్టే, అందులో గూళ్ళు కట్టే పిట్టలూ ఉన్నాయి. ముందు పక్కన రేగో కలివో ఎదగనివ్వండి, ఆ తర్వాత చలికాలంలో కాస్త కాస్తగా తీయండి. ఒక్క ఆదివారం యాభైమంది వచ్చి మొత్తం ఊడబెరకడం నాకు నచ్చదు, సెల్ఫీలకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంకో తోటలో 'దేశవాళీ పూలు' అని గడ్డిచేమంతికి బోర్డు పెట్టారు. చిన్నప్పుడు దెబ్బల మీద పసరు పిండుకున్నాం కాబట్టి మనదే అనుకుంటాం, అదీ అమెరికా నుంచి వచ్చిందే.

ఖాళీ నేలంతా కూడా నింపేయకండి. తీతువు గుడ్లు పెట్టేది ఉత్త గులకరాళ్ళ మీద, రాళ్ళ రంగులోనే, నాలుగు. ఎండాకాలం పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అలాంటి చోట మా వాళ్ళు లాన్ వేద్దామన్నారు. దాని గురించి మొదలుపెడితే ఈ రోజుకు తెమలదు.

కలివి దగ్గరికి వస్తాను. నరికిన కంపంతా దారి చివర పోగేశారు. తీసుకెళ్ళడానికి ట్రాక్టర్ రావాలి, బిల్లు దగ్గర ఏదో పేచీ వచ్చి అది రాలేదు. జూన్‌లో వానలు పడ్డాక చూస్తే ఆ పోగు మీద కాకిదొండ తీగ పాకింది. లోపల పిగిలిపిట్ట గూడు. అదే జంట. నీకెలా తెలుసని మా ఆయన అడిగారు. రోజూ చూసినదాన్ని, నాకు తెలియదా?

మరుసటి వారమే ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ కుర్రాడికి గూడు చూపించాను, చట్టం చెప్పాను. నవ్వి పార తీశాడు. ఇక లాభం లేదని, "లోపల కట్లపాముంది నాయనా, పొద్దున్నే చూశాను" అన్నాను. పార ట్రాక్టర్లో వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు పిల్లలు ఎగిరాయి.

పోగు ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరూ దాని దగ్గరికి పోరు. మొన్న తోటమాలి వచ్చి, అమ్మా మీరన్న పాము ఈ పొద్దు నాకూ కనబడ్డదన్నాడు.